గొలుసుకు ఆ కొస, ఈ కొస

సంక్రాంతికి ఇంకా పది రోజులున్నదనగా, ఒకనాటి తెల్లవారుజామున, మా కాలువగట్టు మీద నా వల్ల ఒక తప్పు జరిగింది. ఆ తప్పుకు మూలమెక్కడున్నదో వెతుక్కుంటూ పోగా, వెయ్యేళ్ళ వెనక్కు వెళ్ళవలసి వచ్చింది. ఈ వ్యాసం ఆ వెతుకులాటే. కుక్క గురించి ఇంత రాయాలా అని మిత్రులు విసుక్కోకుండా చివరిదాకా చదవాలని మనవి.

అమలాపురం పరిసరాల కాలువగట్లు చూసినవారికి ఆ దారి సంగతి తెలుసు. ఒక పక్క నిండుగా పారే కాలువ, మరొక పక్క కొబ్బరితోటల కంచె, నడుమ రెండు సైకిళ్ళు ఒకదానినొకటి తప్పుకోగలిగినంత బాట. ఎదురుగా ఎవరు వచ్చినా పక్కకు తొలగడానికి చోటుండదు. ఆ బాట మీద నేను, నా చేతిలో గొలుసు, గొలుసుకు ఆ కొసన మా టైగర్. పేరు టైగరే గాని ఇంట్లో పరమ సాధువు. పిల్లలు చెవులు పట్టి లాగినా పలకడు; పక్కింటి పిల్లి వచ్చి అతడి గిన్నెలో పాలు తాగినా చూస్తూ ఊరుకుంటాడు. గొలుసు తగిలించి వీధిలోకి తీసుకువెళ్ళాక, ఎదురుగా మరొక కుక్క కనబడితే మాత్రం అంతర్వేది నరసింహుడి అంశ ఏదో అతడిలో ప్రవేశిస్తుంది.

ఆనాడు లాకుల దగ్గర మలుపు తిరిగేసరికి, బడ్డీకొట్టు ముందు చల్లారిన బూడిదలో ముడుచుకుని పడుకున్న రెండు ఊరకుక్కలు తల ఎత్తాయి. టైగర్ వెనుక కాళ్ళ మీద లేచాడు. నేను గొలుసును చేతికి రెండు చుట్లు చుట్టి బలంగా వెనక్కు గుంజాను. అదే సమయానికి వెనుకనుంచి పాలకేను పట్టుకుని వస్తున్న మామ్మగారి మోకాళ్ళకు ఆ గొలుసు తగిలింది. ఆవిడ పడిపోయారు. పాలు కాలువలో కలిశాయి. మణికట్టు వాచింది. ఎముక విరగలేదని వైద్యులు చెప్పేవరకు నా ప్రాణం నాలో లేదు.

సాయంత్రం పలకరించడానికి వెళ్ళి, "క్షమించండి మామ్మగారూ, వాడు ఎందుకలా చేస్తాడో తెలియడం లేదు" అన్నాను. ఆవిడ కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా అన్నారు: "వాడి సంగతి తరవాత. నేను వెనకాలే ఉన్నానుగా, అంతా చూశాను. కుక్క అరవకముందే నువ్వు గొలుసు లాగావురా అబ్బాయ్."

ఆ మాట నన్ను వదలలేదు.

మిగతావారి తీర్పు మాత్రం వేరుగా ఉన్నది. "ఏరు దాటించెయ్యండి, ఆయ్, పీడా విరగడైపోద్ది" అన్నారు వీధిలో పెద్దలు. కోనసీమ వెలుపలి మిత్రులకు ఈ మాట విడమరచి చెప్పాలి. ఒక వైపు గౌతమి, మరొక వైపు వసిష్ఠ, దిగువన సముద్రం. చుట్టూ నీళ్ళున్న సీమ మాది. వద్దనుకున్న కుక్కనో, పిల్లినో గోనెసంచిలో వేసి, పడవ మీద ఆవలి రేవుకు చేర్చి వదిలివేయడం మా చిన్నతనంలో కన్నదే. నీళ్ళు దాటి తిరిగి రాలేదన్నది ధీమా. రేవుల చోట వంతెనలు వచ్చాయి గాని ఆ మాట మాత్రం మిగిలిపోయింది. మీ ప్రాంతాలలో ఈ పనిని ఏమంటారో తెలియజేస్తే సంతోషిస్తాను. నేను ఇంట్లోవారినీ, వీధివారినీ రెండు నెలల గడువు అడిగాను.

* * *

తెలుగువారి ఆదికావ్యం కథలో అడుగు పెడుతూనే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. 11వ శతాబ్దిలో, మా గోదావరి ఒడ్డునే, రాజమహేంద్రవరంలో నన్నయ చెప్పిన ఆదిపర్వం ఆరంభంలో సరమ కథ ఉన్నది. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సరమ కొడుకైన సారమేయుడు ఆడుకుంటూ వస్తాడు. హవిస్సును ముట్టలేదు, ఎవరినీ కరవలేదు. అయినా రాజుగారి తమ్ముళ్ళు కొట్టారు. సరమ వచ్చి రాజును నిలదీసి, మంచిచెడ్డలు విచారించకుండా, ఏ అపరాధమూ ఎరుగని సాధువులను హింసించేవారికి అనుకోని భయాలు ఎదురవుతాయని చెప్పి వెళ్ళిపోతుంది. ఆ మాటకు జనమేజయుడంతటివాడు కలవరపడ్డాడు.

అదే పర్వంలో ఏకలవ్యుడి కథలో మరొక కుక్క ఉన్నది. పాండవుల వెంట వేటకు వచ్చి, అడవిలో కొత్త మనిషిని చూసి మొరిగింది. ఏకలవ్యుడు దాని నోటిని బాణాలతో నింపివేశాడు. మన సాహిత్యంలో కుక్క మూతికి వేసిన మొదటి చిక్కం అదేనేమో! ఇక మూడవది, తిక్కన తెలిగించిన మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట స్వర్గద్వారం దాకా నడిచిన కుక్క. తమ్ములు పడిపోయారు, భార్య పడిపోయింది. అది మాత్రం వెంట వచ్చింది. ఈ మూడింటిలో ఏ ఒక్కదాని మెడలోనూ తాడున్నట్టు కథ చెప్పదు. కుక్క మనిషితో ఉండడమంటే వెంట ఉండడం. కట్టుబడి ఉండడం కాదు.

మొన్నమొన్నటిదాకా మా ఊళ్ళలో కుక్క బ్రతుకు అదే. ఊరకుక్క అన్న మాటలో తిట్టు తరువాత చేరింది గాని, మొదటి అర్థం ఊరి కుక్క అనే. దానికి ఒక ఇల్లు కాదు, ఒక వీధి ఉండేది. రాత్రి భోజనాలయ్యాక నాలుగిళ్ళలో నాలుగు ముద్దలు దొరికేవి. నీటిలో ఏనుగును పట్టగల మొసలి, బయటకు వస్తే కుక్క చేతిలో పరాభవం పొందుతుందని వేమన అన్నది స్థానబలాన్ని గురించి. ఆ స్థానబలం ఎంతవరకో కుక్కలకు మనకంటె బాగా తెలుసు.

రెండు ఊరకుక్కలు ఎదురుపడినప్పుడు ఎప్పుడైనా గమనించారా? ముఖాముఖి తిన్నగా నడిచి రావు. ఒకటి కొంత పక్కకు వంపు తిరుగుతుంది. మరొకటి ఆగి, ఏదో పని ఉన్నట్టు నేల వాసన చూస్తుంది. చూపు తిప్పుకుంటుంది. దగ్గరకు వస్తే పక్కనుంచి వచ్చి మూచూసుకుంటాయి. కిట్టకపోతే ఒకటి నాలుగు అడుగులు వెనక్కు వేస్తుంది; రెండవది గుర్రుమని వదిలేస్తుంది. కొట్లాటలు లేవని కాదు. ముద్ద దగ్గర, పిల్లల దగ్గర, చిత్తకార్తెలో అవీ జరుగుతాయి. కాని నూటికి ఎక్కువ పాళ్ళు ఎదురుపాట్లు ఈ వంపుతోను, ఈ ఎడంతోను సమసిపోతాయి. ఇప్పుడు ఆ రెండింటిలో ఒకదాని మెడకు గొలుసు వేసి, రెండు గజాల వెడల్పున్న బాట మీద తిన్నగా రెండవదాని మీదికి నడిపించి చూడండి. వంపు తిరగలేదు. వెనక్కు పోలేదు. ముందుకూ పోలేదు. దాని భాషలో ఉన్న మాటలన్నీ మనం లాగేసుకున్నాము. మిగిలింది అరుపొక్కటే.

* * *

మరి ఈ గొలుసు ఎక్కడినుంచి వచ్చింది? నాకు మూడు దారులు కనిపించాయి.

మొదటిది వేట. వేటకుక్కకు తెలుగులో జాగిలమని వేరే పేరే ఉన్నది. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడి పేరిట ఉన్న మానసోల్లాసంలో సారమేయ వినోదమని కుక్కల వేటకు ఒక ప్రకరణమే కేటాయించారు. పెద్దన మనుచరిత్రలో స్వరోచి వేటలోనూ జాగిలాల సందడి ఉన్నది. కన్నడదేశంలో, నేటి మండ్య జిల్లా ఆతకూరులో, క్రీ.శ. 949-50 నాటి వీరశిల ఒకటి దొరికింది. అడవిపందితో పోరాడి దానితోపాటు ప్రాణం విడిచిన కాళి అనే వేటకుక్కకు అది స్మారకం. ఒక కుక్క పేరు వెయ్యేళ్ళకు పైగా రాతి మీద నిలిచింది.

ఈ వేటకుక్కల చరిత్రలో మన తెలుగువారి పాలు కూడా ఉన్నది. తమిళనాడులోని రాజపాళయంలో స్థిరపడిన రాజులు విజయనగర కాలంలో తెలుగుదేశం నుంచి వలస వెళ్ళినవారని ప్రతీతి. ఇళ్ళలో నేటికీ తెలుగే. 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రాన్ని పాలించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. వారు పెంచిన తెల్లని వేటజాతికి ఊరి పేరే వచ్చింది. 2005 జనవరిలో భారత తపాలాశాఖ మన దేశపు నాలుగు కుక్కజాతుల మీద బిళ్ళలు వెలువరించినప్పుడు అందులో రాజపాళయం ఒకటి.

వేటలో గొలుసు పని ఏమిటో గమనించాలి. జంతువు కనబడేవరకు జాగిలాన్ని పట్టి ఉంచడం, కనబడగానే వదలడం. గొలుసు బిగియడమంటే ఇప్పుడు వదలబోతున్నారన్న సంకేతం. తరతరాలుగా ఏరి పెంచిన జాతులలో ఈ ఉరుకు రక్తంలోనే పాతుకుపోయి ఉంటుంది. వేటగాడి గొలుసు క్షణకాలం పట్టి ఉంచి వదిలేది. మన గొలుసు కూడా బిగిసి ఉద్రేకపరుస్తుంది; కాని ఎన్నడూ వదలదు.

రెండవ దారి భయం. పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే చావు ఎంత ఘోరమైనదో చూసినవారు మరచిపోలేరు. బొంబాయిలో కంపెనీ ప్రభుత్వం ఏటా కొన్ని వారాలు వీధికుక్కలను చంపించేది. చంపినవారికి కుక్కకింతని బహుమానం. 1832లో ఆ గడువు పొడిగించడంతో, జూన్ 6న, కుక్కను పవిత్రంగా భావించే పారశీకులు తిరగబడ్డారు. ఇతరులూ చేయి కలిపారు, నగరంలో అంగళ్ళు మూతపడ్డాయి. ఇటువంటి ఏర్పాట్లన్నింటిలోను ఉండే లెక్క ఒకటే. యజమాని ఉన్నాడని గుర్తు కలిగిన కుక్క బ్రతుకుతుంది, లేనిది చస్తుంది. మెడపట్టీ, గొలుసు ప్రాణానికి రసీదులయ్యాయి.

మన మద్రాసు రాజధానికి 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ ఏర్పడింది. పారిస్‌లో లూయీ పాశ్చర్ 1885 జూలై 6న తొలిసారి ఒక బాలుడికి టీకా వేసిన ఇరవై రెండేళ్ళకు. ఆ రోజులలో మా సీమ నుంచి అక్కడికి పోవాలంటే పడవ మీద ఏరు దాటి, రాజమండ్రిలో రైలెక్కి మద్రాసు చేరి, మేట్టుపాళయం నుంచి కొండరైలు మీద పైకి ఎక్కాలి. అంతదూరం ఎందరికి సాధ్యం? తరువాత 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన టీకా దేశమంతటా వ్యాపించింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులంటే ఇప్పటికీ మన తల్లిదండ్రుల ముఖాలు మారతాయి. ఆ నాడీకణజాలపు టీకాను మన దేశం 2004 చివరలో గాని వదలలేదు. ఇంత భయం వెనుక ఉన్నప్పుడు కుక్కను కట్టివేయడంలో తప్పు పట్టలేము. కట్టివేయడం వల్ల ఎన్నో ప్రాణాలు దక్కాయి. కాని భయంతో కట్టిన గొలుసులో భయం ప్రవహిస్తుంది. నేను గొలుసును చేతికి రెండు చుట్లు చుట్టుకున్నది కూడా ఆ పద్నాలుగు సూదుల జ్ఞాపకంతోనేనని ఇప్పుడు అనిపిస్తున్నది.

మూడవ దారి సీమకుక్క. సీమచింత, సీమసున్నం మాదిరిగా సీమకుక్క కూడా దొరల వెంట వచ్చింది. దొర బంగళాలో కుక్కకు పేరుంది, జాతి ఉంది, వంశవృక్షం ఉంది, సాయంత్రం నౌకరు గొలుసు పట్టి నడిపించే వేళ ఉంది. భారతదేశపు కెన్నెల్ క్లబ్బు 1896లోనే మొదలయింది. తెలుగు ఇళ్ళలో కుక్కకు నేటికీ టామీ, టైగర్, జూలీ అనే పేరు పెడతాము. "సిట్, కమ్" అని ఇంగ్లీషులోనే ఆజ్ఞాపిస్తాము. భార్యాపిల్లలతో తెలుగు మాట్లాడి కుక్కతో ఇంగ్లీషు మాట్లాడే జాతి మనది. ఆ పేర్లూ, ఆ ఆజ్ఞలూ, ఆ గొలుసూ ఒకే ఓడలో దిగాయి.

మధ్యతరగతికి ఆ మోజు తరువాత అంటింది. 1994లో వచ్చిన హిందీ చిత్రం తెలుగులో ప్రేమాలయంగా ఆడినప్పుడు అందులోని తెల్లని బొచ్చుకుక్క ఇంటింటికీ కావలసి వచ్చింది. 2003లో హచ్ ప్రకటనలో చప్పిడిముక్కు కుక్క ఒక బాబు వెనకాల ఎక్కడికి వెళితే అక్కడికి నడిచింది. మిత్రులకు గుర్తుండే ఉంటుంది. ఆ కుక్కకు గొలుసు లేదు! ధర్మరాజు కుక్కలాగే వెంట వచ్చింది. ఆ దృశ్యం చూసి ముచ్చటపడి కుక్కను కొన్నాము, కొన్న రోజే గొలుసు కూడా కొన్నాము.

* * *

గొలుసుకు ఆ కొసన జరుగుతున్నదేమిటో చెప్పగల శాస్త్రం గత శతాబ్దిలో వచ్చింది. హైనీ హెడిగర్ అనే స్విట్జర్లాండు జంతుశాస్త్రజ్ఞుడు, బంధనంలో ఉన్న అడవిజంతువుల మీద 1942లో వెలువరించిన గ్రంథంలో, ప్రతి జంతువుకు ఒక పలాయనదూరం ఉంటుందన్నాడు. ఆ ఎడం లోపలికి వస్తే అది పారిపోతుంది. పారిపోయే దారి మూసివేసి మరింత దగ్గరకు వెళితే, తిరగబడుతుంది. జంతువు స్వభావం మారలేదు, చోటు మారింది, అంతే. ఈ సూత్రం చదివినప్పుడు నాకు మా కాలువగట్టు కళ్ళకు కట్టింది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కు పూర్తిచేశాడు. ఆ కాలువలే కోనసీమకు అన్నం పెట్టాయి. గట్లే మాకు బాటలయ్యాయి. నీరు ఇచ్చిన ఆ గట్లు ఎడం మాత్రం ఇవ్వలేవు. గొలుసు లేని కుక్క కంచె సందులోంచి తోటలోకి దూరి తప్పుకుంటుంది. గొలుసున్న కుక్కకు ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ముళ్ళు, మెడలో నా చేయి.

దీనికి విరుగుడుగా లోకంలో చాలాకాలం చెలామణి అయినది బలప్రయోగమే. జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ 1910లో ప్రచురించిన పోలీసు కుక్కల శిక్షణగ్రంథం దండనకు పెద్దపీట వేసింది. 1947లో రుడోల్ఫ్ షెంకెల్, బాసెల్ జంతుశాలలోని తోడేళ్ళను పరిశీలించి, అవి పెద్దరికం కోసం నిరంతరం పోటీపడతాయని రాశాడు. దాన్ని కుక్కలకు అంటగట్టి, యజమాని నాయకుడై కుక్కను అణచాలని బోధించినవారు కోకొల్లలు. కాని షెంకెల్ చూసినవి ఎటూ పోవడానికి వీలులేక ఒకచోట మూసి ఉంచిన తోడేళ్ళు. ఆ భావనకు ప్రచారం కల్పించినవారిలో ఒకరైన డేవిడ్ మెక్, ఉత్తర కెనడాలో స్వేచ్ఛగా తిరిగే తోడేళ్ళను ఏళ్ళ తరబడి చూశాక, 1999లో దానిని సవరించాడు. అడవిలో తోడేళ్ళ మంద అంటే తల్లి, తండ్రి, పిల్లలు, ఒక కుటుంబం. బంధనంలో పుట్టిన కలహాన్ని చూసి జాతి స్వభావమనుకున్నారు. మా వీధిలో టైగర్ మీద పడ్డ నింద కూడా అటువంటిదే.

మరొక దారిని 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా శాస్త్రవేత్త చూపించింది. పీటర్ అనే పిల్లవాడికి కుందేలంటే వణుకు. ఆమె అతడు ఇష్టంగా తింటున్న వేళ కుందేలును గదిలో దూరంగా ఉంచి, రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరకు తెచ్చింది. చివరకు అతడు దానిని చేతితో తాకాడు. కొట్టలేదు, బలవంతం చేయలేదు. దూరం, రుచి, ఓర్పు. మూడే మూడు వస్తువులు. ఈనాడు కుక్కల నడవడిని చక్కదిద్దేవారు వాడేది ఈ పద్ధతినే.

* * *

అడిగిన గడువులో మేము చేసినది చెబుతాను.

మొదట పశువైద్యుడికి చూపించాము. టైగర్ చెవిలోపల ఒక పుండు బయటపడింది. నొప్పితో ఉన్న ప్రాణికి సహనం తక్కువ. అది మాన్పించనిదే ఏ శిక్షణా పనిచేయదు. తరువాత ఇనుపగొలుసు తీసివేశాము. మెడకు బదులు రొమ్ముకు చుట్టే పట్టీ, దానికి ఆరు మూరల నూలుతాడు. తాడు ఎప్పుడూ సన్నగా వేలాడుతూ ఉండాలన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. కాలువగట్టు మానేసి, తెల్లవారకముందే కళాశాల మైదానానికి వెళ్ళడం మొదలుపెట్టాము. బాటలో దాటక తప్పనిచోట మూతికి బుట్ట చిక్కం వేశాము. నోరు తెరిచి రొప్పడానికి వీలున్నదే గాని బిగించి కట్టేది కాదు. మామ్మగారి మణికట్టు తరువాత ఆ మాత్రం పూచీ నాకున్నది.

మైదానంలో ఒక మూల ఊరకుక్కలు పడుకుంటాయి. టైగర్ వాటిని చూసి కూడా తిండి తినగలిగిన దూరమెంతో వెతికాను. మొదటివారం అది 80 అడుగులు. కుక్క కనబడగానే ఉడికించిన కోడిమాంసం ముక్క, అది కనుమరుగయితే ముక్కలు ఉండవు. అరుపు ఉన్నట్టుండి రాదని కూడా అప్పుడే తెలిసింది. ముందు నోరు మూసుకుంటుంది, తరువాత చెవులు ముందుకు నిక్కుతాయి, శరీరం కర్రలా బిగుస్తుంది, చూపు నిలిచిపోతుంది. అరుపు అయిదవది. నేను ఇన్నాళ్ళూ అయిదవదానినే విని, మొదటి నాలుగింటినీ చూడలేదు. ఆ మొదటి గుర్తు దగ్గరే, తాడు లాగకుండా, వంపు తిరిగి ఎడంగా నడిచిపోవడం. ఊరకుక్కలు చేసే పని నేను నేర్చుకోవలసి వచ్చింది.

తిరోగమనాలు లేకపోలేదు. ఒకనాడు తాడు లేని పెంపుడుకుక్క ఒకటి మీదికి ఉరికి వచ్చి, మూడు వారాల శ్రమ ఒక నిమిషంలో నీళ్ళపాలయింది. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి టైగర్‌ను తీసుకువెళదామని పిల్లలు మారాం చేశారు; ఒప్పుకోలేదు. అంత జనసమ్మర్దం అతడికి శిక్షే అవుతుంది. అన్నిచోట్లకూ అందరూ పోనక్కరలేదన్న సంగతి కుక్కల విషయంలో మనం మరచిపోతాము.

చట్టం ఏమంటుందో కూడా చూశాను. మన పశుహింసా నివారణ చట్టం 1960 నాటిది. రుక్మిణీదేవి అరుండేల్ పట్టుదల దాని వెనుక ఉన్నది. అందులో 11వ సెక్షను ప్రకారం, మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టివేయడం నేరం. అలవాటుగా కట్టి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం కూడా యజమాని నేరమే. మరొక వైపు, ఒకరి జంతువు వల్ల ఇతరులకు ప్రమాదం రాకుండా జాగ్రత్తపడకపోవడం 1860 నాటి శిక్షాస్మృతిలోని 289వ సెక్షను నుంచి 2024లో అమలుకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోని 291వ సెక్షను వరకు శిక్షార్హమే. ఈ రెండింటినీ కలిపి చదివితే, గొలుసుకు రెండు కొసలూ చట్టానికి కనిపిస్తున్నాయని అర్థమవుతుంది. 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానం ఢిల్లీ వీధికుక్కల విషయంలో 11వ తేదీన ఒక ఉత్తర్వు ఇచ్చి, 22న దానిని సవరించినప్పుడు దేశమంతా రెండు పక్షాలై వాదించింది. ఆ వాదమంతా గొలుసు లేని కుక్క గురించి. గొలుసు ఉన్న కుక్క గురించి, గొలుసు పట్టుకున్న చేతి గురించి మాట్లాడినవారు తక్కువ.

గడువు మాఘమాసంతో ముగిసింది. టైగర్ ఏరు దాటలేదు. నరసింహుడు పూర్తిగా శాంతించాడని చెప్పను. 80 అడుగులు ఇప్పుడు 20 అయ్యాయి, ఇంకా తగ్గకపోవచ్చు. కాలువగట్టు మీద 20 అడుగుల ఎడం దొరకదు గనుక, ఆ దారి మాకు శాశ్వతంగా లేనట్టే. దానికి విచారించడం లేదు.

మొన్న మైదానం నుంచి తిరిగి వస్తుండగా మామ్మగారు ఎదురయ్యారు, పాలకేను మళ్ళీ చేతిలో. బడ్డీకొట్టు తాలూకు ఆ రెండు ఊరకుక్కలూ రోడ్డుకు ఆవలి పక్కన నడుస్తున్నాయి. టైగర్ వాటిని చూశాడు, తల తిప్పి నన్ను చూశాడు. తాడు కొద్దిగా బిగిసింది. ఆ బిగువు ఏ కొసనుంచి వచ్చిందో ఈసారి నాకు తెలిసింది. వేళ్ళు సడలించాను.

"చెయ్యి ఎలా ఉంది మామ్మగారూ?" అని అడిగాను.

"నాది నెమ్మదించిందిరా అబ్బాయ్" అన్నారావిడ, నా పిడికిలి వైపు చూస్తూ. "నీదే ఇంకా నెమ్మదించాలి."